మూడు టన్నుల జాకీ కొననా, మా ఆవిడ మాట విననా?

విజయవాడ పటమట నుంచి ఒక పాఠకుడు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. ఉత్తరం మొత్తం వేయడానికి చోటు లేదు కాబట్టి సంగతి క్లుప్తంగా చెబుతాను.

వయసు 37. ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతారు. 2013లో కొన్న డీజిల్ స్విఫ్ట్ ఉంది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు వీళ్ల కాపురం అక్కడే. కారు సీట్ల దాకా నీళ్లలో నానింది. ఆ రోజుల్లో ఏ షెడ్డుకు వెళ్లినా ముందు పదుల కార్లు. బ్రేకులు తుప్పు పట్టి పట్టేస్తుంటే, ఎదురుచూడలేక తనే చక్రాలు విప్పి శుభ్రం చేసుకోవడం నేర్చుకున్నారు. అవసరం కోసం మొదలుపెట్టింది ఇప్పుడు ఇష్టమైంది. బ్రేక్ ప్యాడ్లు సొంతంగా మార్చారు. ఇక ఆయిల్ కూడా తానే మార్చాలని ఉంది.

ఇన్నాళ్లూ కారుతో పాటు వచ్చిన స్క్రూ జాకీతోనే లాక్కొచ్చారు. రెండు నెలల కింద ఒక ఆదివారం, ఆ జాకీ మీద కారు లేపి, భుజాల దాకా కింద దూరి ఏదో చూస్తుండగా, కూరగాయల సంచీతో వచ్చిన భార్య కంటపడ్డారు. ఆమె మేనమామ లారీ క్లీనరుగా ఉన్నప్పుడు జాకీ జారి కాలు నలిగింది. ఇప్పటికీ కుంటుతూనే నడుస్తారు. ఆ రోజు నుంచి ఇంట్లో జాకీ అన్న మాట ఎత్తితే చాలు, గొడవ. "కొంటే కొనండి, ఆదివారాలు మాత్రం నేను పిల్లలను తీసుకుని గుంటూరు వెళ్లిపోతా" అందట.

ఆయన ముందు మూడు దారులున్నాయి. ఆన్‌లైన్‌లో 3,200 రూపాయలకు, చక్రాల మీద దొర్లే, రెండు టన్నులు లేపగల చిన్న ట్రాలీ జాకీ. బావగారు చూపించిన మూడు టన్నుల కొత్త జాకీ, 11,000 పైమాటే. ఆటోనగర్‌లో తెలిసిన మెకానిక్ 4,500కు ఇస్తానంటున్న పాత గ్యారేజీ జాకీ. చేతిలో ఉన్నది 8,000. పార్కింగ్‌లో రిపేర్లేమిటని అపార్ట్‌మెంట్ అసోసియేషన్ సణుగుడు దీనికి అదనం. "ఎన్ని టన్నులది కొంటే మా ఆవిడకు ధైర్యం వస్తుంది?" అని ముగించారు.

సమాధానం:

మాస్టారూ, మీ ఉత్తరంలో "టన్ను" అనే మాట తొమ్మిది సార్లు వచ్చింది. లెక్కపెట్టాను. "స్టాండు" అనే మాట, అంటే లేపిన కారు బరువు మోయడానికి కింద నిలబెట్టే ఇనుప ఆధారం, మాత్రం ఒక్కసారి కూడా లేదు. మీ ఆవిడకు ధైర్యం రాకపోవడానికి కారణం అక్కడే ఉందని నాకనిపించింది.

టన్నుల సంగతి త్వరగా తేల్చేద్దాం. మీ డీజిల్ స్విఫ్ట్ బరువు వెయ్యి కిలోల పైచిలుకు. జాకీ ఎప్పుడూ కారు మొత్తాన్ని లేపదు. ఒక మూలనో, ఒక కొసనో లేపుతుంది. ఇంజన్ ముందుంది కనుక బరువులో సగానికి పైగా ముందు చక్రాల మీదే. మొత్తం ముందు భాగాన్ని లేపినా జాకీ మీద పడేది ఆరేడు వందల కిలోలు. రెండు టన్నులది చాలు, మిగులుతుంది కూడా. మీ బావగారి ఇన్నోవాను కూడా అప్పుడప్పుడు లేపాల్సి వస్తుందంటే మూడు టన్నులు ఆలోచించవచ్చు. ఈ జాకీలు నూనె ఒత్తిడితో లేపడానికి ఆధారమైన పాస్కల్ సూత్రం మీరే పిల్లలకు చెబుతారు కాబట్టి ఆ పాఠం నేను ఎత్తుకోను. ఒక్కటే గుర్తు చేస్తాను. ఆ సూత్రమంతా లోపలున్న ఒక చిన్న రబ్బరు సీలు మీద నిలబడి ఉంది. ఆ సీలు ఎప్పుడు అరుగుతుందో పైన రాసిన టన్నులు చెప్పవు. మూడు టన్నుల జాకీ సీలైనా తెగుతుంది, అయిదు టన్నులదైనా తెగుతుంది.

కొనేవాళ్లు చూడాల్సింది టన్నుల కన్నా ఎత్తులు. జాకీకి రెండు ఎత్తులుంటాయి: పూర్తిగా దించినప్పుడు ఎంత, పూర్తిగా లేపినప్పుడు ఎంత. చిన్న ట్రాలీ జాకీలు ఎక్కువగా 13, 14 సెంటీమీటర్ల దగ్గర మొదలై 33 దగ్గర ఆగిపోతాయి. మీ కారు కింద దూరడానికి 14 ఇబ్బంది కాదు, టైరులో గాలి లేకపోతే తప్ప. చిక్కు పై ఎత్తుతోనే. ఇక్కడ కాస్త లెక్క ఉంది, మీకు నచ్చుతుంది.

మార్కెట్లో దొరికే జాకీ స్టాండ్లలో చాలా వాటి కనీస ఎత్తు 27, 28 సెంటీమీటర్లు. డోర్ కింద అంచులో గాడి పెట్టిన చోటు, అంటే స్టాండు పెట్టాల్సిన చోటు, నేల నుంచి 19 సెంటీమీటర్లు ఉందనుకోండి. స్టాండు దూర్చాలంటే అది 29కి రావాలి. అంటే 10 సెంటీమీటర్లు లేవాలి. మీరు ముందు మధ్యలో, ఇంజన్ కింద అడ్డంగా ఉండే ఇనుప దూలం దగ్గర లేపుతారు. కారు వెనక చక్రాల మీద తిరుగుతూ లేస్తుంది. మీ కారు చక్రాల మధ్య దూరం 243 సెంటీమీటర్లు. డోర్ కింది గాడి ముందు చక్రానికి ఓ 55, 60 సెంటీమీటర్లు వెనక ఉంటుంది. కాబట్టి గాడి దగ్గర 10 లేవాలంటే ముందు 13 దాకా లేపాలి. దూలం 18 దగ్గర ఉంటే 31కి చేరాలి. 33 దగ్గర ఆగిపోయే జాకీతో మీకు మిగిలేది రెండంటే రెండు సెంటీమీటర్లు. నా అంకెలను నమ్మకండి. టేపు తీసుకుని మీ కారు దగ్గర కూర్చుని కొలవండి, ఆ తర్వాతే దుకాణానికి వెళ్లండి. 45, 50 సెంటీమీటర్ల దాకా లేచే జాకీకి ఎక్కువ డబ్బు ఎందుకు అడుగుతారో అప్పుడు అర్థమవుతుంది.

చిన్న జాకీతో ఇంకో తిప్పలు ఉంది, కొన్న తర్వాతే తెలుస్తుంది. దాని ఒళ్లు పొట్టి. ముందు నుంచి దూలం దాకా తోస్తే పిడి వెళ్లి బంపరుకు తగులుతుంది, పూర్తిగా పంపు కొట్టలేరు. సరే, పక్క నుంచి డోర్ కింది గాడి దగ్గరే లేపుదామంటే, స్టాండు పెట్టాల్సిన చోటును జాకీ ఆక్రమించి కూర్చుంటుంది. ఒకే కుర్చీకి ఇద్దరు. అప్పుడు గాడి దగ్గర జాకీ పెట్టి, చక్రాన్ని పట్టి ఉంచే కంట్రోల్ ఆర్మ్‌ను చట్రానికి బిగించిన గట్టి చోటు కింద స్టాండు పెట్టేవాళ్లున్నారు. కుదురుతుంది, కానీ ఏది గట్టి చోటు, ఏది పలచటి రేకు అని గుర్తుపట్టే కన్ను ఉండాలి. ఆ కన్ను మీకు ఇంకా రాలేదు. ఎందుకంటే మీరు ఉత్తరంతో పాటు పంపిన ఫోటోలో చెక్క ముక్క పెట్టి లేపడానికి గుర్తు వేసుకున్న చోటు, ఇంజన్ ఆయిల్ నిలిచే ఆయిల్ చాంబర్ కింద. ఆ ఫోటో చూసి ఉలిక్కిపడ్డాను. చాంబర్ పలచగా ఉంటుంది, సొట్ట పడితే ఇంజన్‌కే చేటు. కారుతో ఇచ్చిన పుస్తకంలో జాకీ పెట్టే చోట్ల బొమ్మ ఉంటుంది. వరదలో ఆ పుస్తకం కూడా పోయి ఉంటే కంపెనీ సైటులో దొరుకుతుంది.

ఇక నేల. మీ పార్కింగ్‌లో ఒకదానికొకటి కొరుక్కునే సిమెంటు టైల్స్ అన్నారు. ట్రాలీ జాకీ పైనుండే పళ్లెం నిటారుగా లేవదు, విల్లు వంపులా లేస్తుంది. ఆ తేడా సర్దుకోవడానికి జాకీ తన చక్రాల మీద తనే కాస్త జరగాలి. చిన్న ఇనుప చక్రం టైల్స్ మధ్య సందులో ఇరుక్కుంటే జాకీ జరగదు, పళ్లెమే కారు కింద జారుతుంది. కారు పడిపోయే ప్రమాదాల్లో ఇదొక రకం. మందమైన ప్లైవుడ్ పలక ఒకటి కింద పరిస్తే జాకీ దాని మీద దొర్లుతుంది. అది మీ ఇద్దరికీ, అసోసియేషన్‌కూ మేలే, టైల్స్ పగలవు. స్టాండ్ల కింద కూడా చిన్న పలకలు వేయండి. వేసవి సెలవుల్లో గుంటూరులో మామగారి కారు పని కూడా చేస్తానన్నారు కదా. వాళ్ల వాకిలి మట్టి. అక్కడ ట్రాలీ జాకీ చక్రాలు కూరుకుపోతాయి, పలక లేకుండా ముట్టుకోవద్దు. తారు రోడ్డు మీద చేద్దామనుకున్నా, మే నెల మధ్యాహ్నం మన ఎండకు తారు మెత్తబడి స్టాండు కాళ్లు దిగబడతాయి. పొద్దున్నే అయితే వేరే మాట.

ఇటుకలు మాత్రం ఎప్పుడూ వద్దు. ఇది పుస్తకంలో చదివి చెప్పడం లేదు. చాలా ఏళ్ల కింద గుంటూరులో, వాన వెలిసిన మర్నాడు, మా పెరట్లో నా మారుతి 800ను బాటిల్ జాకీతో లేపాను. ఎత్తు చాలక జాకీ కింద ఇటుక పెట్టాను. ఇటుక ముందు పగులిచ్చి, చప్పుడు చేసి, మనకు టైమిచ్చి విరగదు. ఒక్కసారిగా పొడి అవుతుంది. చక్రం విప్పి ఉంది, కారు బ్రేకు డిస్కు మీద కూలబడాల్సింది. అంతకు ముందు పొరుగాయన "ఆ స్టెప్నీ అలా కింద పడేయవయ్యా, ఊరికే ఎందుకు దొర్లిస్తావ్" అంటే విసుగ్గా కారు అంచు కింద పడుకోబెట్టాను. కారు దాని మీద ఆగింది. నా వేళ్లు అప్పుడు బ్రేకు దగ్గర ఉన్నాయి. అప్పటి నుంచి విప్పిన చక్రం ఏదైనా నేరుగా కారు అంచు కిందికే వెళుతుంది.

పాత గ్యారేజీ జాకీ సంగతికి వద్దాం. మన జవహర్ ఆటోనగర్‌లో దొరకని వస్తువు లేదు, బాగుచేయలేని వస్తువూ తక్కువే. అది మంచి బేరం కావచ్చు. పొడుగు ఒళ్లు, పెద్ద చక్రాలు, ఎక్కువ ఎత్తు, మీకు కావలసినవన్నీ అందులో ఉన్నాయి. కానీ 35, 40 కిలోలు ఉంటుంది. మీరు మూడో అంతస్తు. దాన్ని ఎక్కడ పెడతారు? పార్కింగ్‌లో గొలుసు వేసి కట్టేయడానికి అసోసియేషన్ ఒప్పుకుంటుందా? ఇది తేలితే, కొనే ముందు అక్కడే పరీక్ష పెట్టండి. ఆయన షెడ్డులోనే ఒక కారు ముందు భాగం లేపమనండి. నేల నుంచి బంపరు ఎత్తు కొలిచి సుద్దముక్కతో రాసుకుని, ఓ పది నిమిషాలు టీ తాగి వచ్చి మళ్లీ కొలవండి. దిగి ఉంటే సీలు పోయి ఉండవచ్చు. జాకీని పైకి తోసే రాడ్డు చుట్టూ నూనె తడి ఉందేమో వేలితో తుడిచి చూడండి. దించేటప్పుడు మెల్లగా దిగుతుందా, ధబేలున పడుతుందా అన్నది ముఖ్యం. పది నిమిషాలకు అర సెంటీమీటరు దిగే జాకీని కూడా సీళ్లు మార్పించి వాడుకోవచ్చు. ఆ ఖర్చు బేరంలో తగ్గించమనండి. కారును లేపే ఇనుప చేతులు వంకర పోయినది, వెల్డింగు అతుకులు పడినది అయితే మాత్రం, పాత పరిచయం పరిచయమే, జాకీ వద్దు.

మీ 8,000తో ఎటు వెళితే ఏమవుతుంది? 11,000 జాకీ కొంటే అప్పు చేసి కొన్న మంచి జాకీ ఉంటుంది, స్టాండ్లకు పైసా మిగలదు. నాకు అన్నిటికన్నా భయం వేసేది ఈ దారే. జాకీ ఎంత బాగుంటే కింద దూరడానికి అంత ధైర్యం వస్తుంది. చిన్న జాకీ కొంటే జత స్టాండ్లు, పలకలు, చక్రాలకు పెట్టే రెండు అడ్డు దిమ్మలు కూడా వచ్చేస్తాయి, ఇంకా కాస్త మిగులుతుంది. కానీ బ్రేకులు, టైర్ల పనులకే అది సుఖం, ముందు భాగం మొత్తం స్టాండ్ల మీదకు ఎక్కించడానికి ప్రతిసారీ కుస్తీ. పాత గ్యారేజీ జాకీ పరీక్షకు నిలబడితే స్టాండ్లతో కలిపి ఇంచుమించు మీ డబ్బులో సరిపోతుంది, మోయడమే కష్టం. నాలుగో దారి ఒకటుంది, మీరు రాయలేదు. ఇప్పుడు జాకీ కొనకుండా స్టాండ్లు మాత్రం కొని, ఉన్న స్క్రూ జాకీతో ఒక్కో మూల నెమ్మదిగా లేపుతూ ఆరు నెలలు గడపడం. నడుము నొప్పి, సమయం వృథా, గాడి దగ్గర ఒకే కుర్చీకి ఇద్దరు అన్న తిప్పలు కూడా. కానీ ఏ పనులు నిజంగా చేస్తారో, ఏవి సరదాకి అనుకుంటున్నారో ఆరు నెలల్లో తెలిసిపోతుంది. నేనైతే పాత జాకీని ఒకసారి చూసి వచ్చేవాణ్ని. మీరు నేను కాదు, నాకు కింది అంతస్తులో ఇల్లు.

ఇప్పుడు మీ ఆవిడ. ఆమెది పిరికితనం అన్నట్టు రాశారు. ఆ మేనమామగారికి జరిగింది సరిగ్గా ఏమిటో ఎప్పుడైనా అడిగారా? జాకీ జారిందన్నారు, అంతే. లారీ వాలులో ఉందా, చక్రానికి అడ్డు పెట్టారా, కింద వేరే ఆధారం ఉందా? ఆయన గుంటూరులోనే ఉన్నారు కదా, ఆదివారం ఆమెతో పాటు మీరూ వెళ్లి ఆయన దగ్గర కూర్చోండి. అంత దగ్గర నుంచి చూసినవాడు చెప్పే పాఠం ఏ వీడియోలోనూ దొరకదు. పైగా మీరు ఆమె భయాన్ని కొట్టిపారేయడం లేదని ఆమెకు కనిపిస్తుంది. నిజం చెప్పాలంటే, ఆ ఆదివారం ఆమె చూసినది చూసి భయపడకపోతేనే ఆశ్చర్యం. స్క్రూ జాకీ దారిలో టైరు మార్చుకోవడానికి ఇచ్చినది. దాని కాలు అరచేయంత. మీరు దాని కింద తల పెట్టారు.

ఆమెతో మాట్లాడేటప్పుడు ఒక గీత మీకు పనికొస్తుంది: కారు పక్కన కూర్చుని చేసే పనులు, కారు కిందకు దూరి చేసే పనులు. ప్యాడ్లు, టైర్లు మార్చడం, బ్రేకు డ్రమ్ములు శుభ్రం చేయడం పక్కన కూర్చునే చేస్తారు. వీటికీ స్టాండు కావాలి, కానీ ఒళ్లు బయటే ఉంటుంది. ఆయిల్ మార్చడానికి కింద దూరాలి. మొదటి రకం మీరు ఉంచుకుని, రెండో రకం ఆటోనగర్‌కు వదిలేస్తానంటే ఆమె ఒప్పుకోవచ్చు. మీకు కాస్త వెలితిగా ఉంటుంది. ఆయిల్ కూడా నేనే మారుస్తానంటే, ఆ గంటసేపు ఇంట్లో పెద్దవాళ్లు ఎవరో ఒకరు పార్కింగ్‌లో మీ దగ్గరే ఉండాలన్న షరతు ఆమె పెడుతుంది, పెట్టాలి కూడా. అది ఆమే అయితే ఆమె ఆదివారం పోయినట్టే. ఆ లెక్క మీ ఇద్దరిదీ, మధ్యలో నేను రాను. ఆయిల్‌ను గమనించండి, అసోసియేషన్ గొడవ కూడా అక్కడి నుంచే వస్తోంది. ఒక్క చుక్క టైల్స్ మీద పడిందా, రెండేళ్లు మీటింగుల్లో అదే మాట. ఆయిల్ పని వదిలేస్తే ఆ తలనొప్పి కూడా సగం తగ్గుతుంది.

ఏ దారి పట్టినా, ఫిజిక్స్ మాస్టారు కాబట్టి నచ్చే ఒక సంగతి చెబుతాను. "గేరులో వేశాను కదా, కారు కదలదు" అని రాశారు. ముందు చక్రం ఒకటి గాలిలోకి లేపారనుకోండి. మీ కారును నడిపేది ముందు చక్రాలే. రెండు చక్రాలను వేర్వేరుగా తిరగనిచ్చే డిఫరెన్షియల్ అనే గేర్ల అమరిక వల్ల గాలిలో ఉన్న చక్రం ఒక పక్కకు తిరుగుతూ, నేల మీద ఉన్నదాన్ని రెండో పక్కకు దొర్లనిస్తుంది. గేరు ఉన్నా లేనట్టే. అప్పుడు కారును పట్టుకునేది వెనక చక్రాల హ్యాండ్ బ్రేకు ఒక్కటే. అదే వెనక భాగం మొత్తం లేపితే హ్యాండ్ బ్రేకు పట్టుకున్న చక్రాలే గాలిలో ఉంటాయి, ఇక గేరే దిక్కు. అందుకే నేల మీద మిగిలిన చక్రాలకు రెండు వైపులా దిమ్మలు పెట్టాలి. నట్లు కారు నేల మీద ఉండగానే అరచుట్టు వదులు చేయండి, పైకి లేపాక పానాతో కుదుపులు వద్దు. స్టాండ్ల మీదకు దించాక చక్రం విప్పే ముందు రెండు చేతులతో కారును గట్టిగా ఊపి చూడండి. ఊగితే దించి మళ్లీ పెట్టండి. ఆ ఊపే పని మీ ఆవిడ చేత చేయిస్తే ఇంకా మంచిది.

చివరగా, పాత జాకీయే తీసుకుని అందులో నూనె తక్కువగా ఉంటే హైడ్రాలిక్ జాకీ ఆయిలే పోయించండి. చేతికి అందుబాటులో ఉంది కదా అని బ్రేక్ ఆయిల్ పోస్తారు కొందరు. దానికి జాకీ సీళ్లు ఉబ్బి పాడవుతాయి. కొలతలు రాసి పంపండి, స్టాండు ఎత్తు సరిపోతుందో లేదో కలిసి చూద్దాం.